ముందు దిగేవాడి నంబరు

“మా అన్న మా ఆయన్ని సంపినాడా, లేదా. అదొక్కటీ తేల్చి సెప్పు బాబూ. మిగతా ఏడుపు నాను ఏడుసుకుంటాను.”

దుర్గ ఈ మాట అన్నప్పుడు స్టేషను గోడ గడియారంలో పదీ నలభై. ఆమె మొగుడు ఎల్లాజీ చనిపోయి నాలుగు రోజులైంది. ఆమె అన్న సన్యాసిరాజుని పోలీసులు పట్టుకొచ్చి పదహారు గంటలైంది. సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, బావని చంపినవాడని రాసి రిమాండుకి పంపుతారు. ఆమెకి తల్లిదండ్రులు లేరు, పిల్లలు పుట్టలేదు. ఉన్నది ఒక మొగుడు, ఒక అన్న. మొగుడు పోయాడు. అన్న ఎలాంటివాడో తేలాలి.

నేను గురునాథరావుని. చదువు ఏడో తరగతిలో ఆగింది. ఇరవై రెండేళ్ళు సీతమ్మధారలో ఒక క్లబ్బులో పేక పంచాను. పెద్దమనుషులు ఓడితే నన్ను తిట్టేవారు, గెలిస్తే దేవుడికి దండం పెట్టేవారు. నాకు ఎవరూ దండం పెట్టలేదు. క్లబ్బు మూసేశాక డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాను. మనుషులు ఎప్పుడు అబద్ధమాడతారో, ముక్కలు ఎన్నిసార్లకి ఒకసారి వస్తాయో, నాకు తెలిసినవి ఆ రెండే.

సి.ఐ. ఉదయ్‌కుమార్ లోపలి గదిలోంచి వచ్చాడు. ఇంజనీరింగ్ చదివాడు, ఇస్త్రీ నలగని చొక్కా. పోయినేడు పెందుర్తి కేసులో వాడు మూసిన ఫైలుని నేను తెరిపించాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే వాడికి పంటినొప్పి.

“ఏమయ్యా గురునాథం, ఇది పేకాట కేసు కాదు. మర్డరు. నీకిక్కడ పని లేదు.”

“పాచికలాట కేసని విన్నాను సార్. పక్క వీధే కదా.”

వాడు నవ్వలేదు. అయినా చెప్పాడు, చెప్పి గెలవాలని. మొత్తం నాలుగు నిమిషాల్లో చెప్పేశాడు.

ఎల్లాజీ పని ఓడల హోల్డు ఊడ్చడం. హోల్డంటే ఓడ కడుపు, ఆరేడు అంతస్తుల లోతు. సరుకు దించేశాక అడుగున మిగిలిన చెత్త ఎత్తడానికి పదకొండు మంది గ్యాంగు దిగుతారు. అందరూ ఒకేసారి దిగరు. ముందు ఒక్కడు దిగుతాడు. వాడు అడుక్కి చేరి చెయ్యి ఊపితే మిగతావాళ్ళు దిగుతారు. ఊపకపోతే నడుముకి కట్టిన తాడు పట్టి లాగుతారు. లోపల గాలి ఉందో లేదో చెప్పే మీటరు ఒకటుంది, అది చెడిపోయి ఏడాది. మీటరు చెయ్యాల్సిన పని ముందు దిగేవాడు చేస్తున్నాడు. ఆ ముందు దిగేవాడు ఎవడన్నది షిఫ్టు షిఫ్టుకీ పాచికలు వేసి తేలుస్తారు.

నాలుగు రోజుల కింద, మధ్యాహ్నం రెండింటి షిఫ్టు. ఇనుప తుక్కు తెచ్చిన ఓడ. పాచికల్లో ఎల్లాజీ నంబరు ఏడు పడింది. నిచ్చెన సగంలో చేతులు వదిలేశాడు. తాడు పట్టి పైకి లాగేసరికి ప్రాణం లేదు. తుక్కు తుప్పు పడుతూ మూసిన హోల్డులో ప్రాణవాయువుని తినేస్తుంది. మిగిలిన గాలికి రంగుండదు, వాసనుండదు. మనిషికి తెలిసేలోపు మనిషి ఉండడు.

“ప్రమాదమే కదా,” అన్నాను.

“నేనూ అదే అనుకున్నా. రిజిస్టరు చూసేదాకా.” ఉదయ్‌కుమార్ వేళ్ళు మడిచాడు. “ఉగాది తర్వాత నూట ఎనిమిది షిఫ్టులు. మనుషులు పదకొండు మంది. అంటే ఒక్కొక్కడూ పదిసార్లు దిగాలి, అవునా? ఎల్లాజీ పంతొమ్మిదిసార్లు దిగాడు. అశోక్ అని ఇంకొకడున్నాడు, వాడు మూడుసార్లు. మీటరు సంగతి ఆఫీసుకి రాసిస్తానని ఎల్లాజీ మేస్త్రీతో గొడవ పెట్టుకున్నాడు. రాసిస్తే సన్యాసిరాజు మేస్త్రీగిరీ పోతుంది. పాచికల పెట్టె ఎవరి దగ్గరుంటుంది? సన్యాసిరాజు దగ్గర. పాచికల్లో సీసం పోయించాడు, బావ నంబరు పడేలా చేశాడు. ఎప్పుడో ఒకరోజు గాలి లేని హోల్డు తగులుతుందని చూశాడు, తగిలింది. ఇందులో తెలివి తక్కువతనం ఎక్కడుందో చెప్పు.”

“పాచికలు చూశారా?”

“ల్యాబుకి పంపుతాను.”

“అంటే చూడలేదు. పది నిమిషాలు వాడితో మాట్లాడనివ్వండి. తరవాత షెడ్డుకి నేనూ వస్తాను.”

“ఎందుకివ్వాలి?”

“నాలుగింటికి జడ్జిగారు కూడా ఇదే అడిగితే మీ దగ్గర ల్యాబు కాగితం ఉండదు కాబట్టి.”

పదకొండూ ఐదుకి నన్ను లోపలికి పంపారు. సన్యాసిరాజు గోడకి ఆనుకుని నేల మీద కూచున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏడ్చాడో, నిద్ర లేదో తెలియలేదు.

“పాచికలు ఎవరు వేస్తారు?” అన్నాను.

“రోజుకొకడు. నాను ముట్టను. మేస్త్రీకి నంబరు లేదు. మేస్త్రీ దిగడు గదా.”

“మనుషులకి నంబర్లు ఎవరిచ్చారు?”

“పేక ముక్కలు. ముందు ఆరుగురే ఉండీవోళ్ళు బాబూ, ఒక పాసిక సరిపోయీది. ఉగాది ఎల్లాక మరో అయిదుగుర్ని ఏసినారు. పదకొండు మందైపోనారు. ఒక పాసికతో ఎలగ? అప్పుడు మా అశోకే అన్నాడు, రెండు పాసికలేస్తే రెండు కాడ్నుంచి పన్నెండు దాకా పడతాదిరా, లెక్కెట్టండి అని. ఎట్టుకుంటే పదకొండే. మడిసికొక నంబరు. దేవుడే కొలిసి ఇచ్చినట్టు కుదిరిపోనాది.”

నేను వాడి మొహం చూస్తూ ఉండిపోయాను. నాలుగు నెలలు. పదకొండు మంది. ఒక్కడికీ అనుమానం రాలేదు. బయట ఇంజనీరింగ్ చదివినవాడికి కూడా రాలేదు.

“ఎల్లాజీకి ఏడు ఎలా వచ్చింది?”

“రెండు కాడ్నుంచి పది దాకా ముక్కలు, పదకొండుకి జాకీ, పన్నెండుకి రాణి. బోర్లా ఏసినాం. బావ ఆడి సేత్తో ఆడే తీసుకున్నాడు. ఏడొచ్చిందని నవ్వినాడు కూడాను. ఏడుకొండలోడి నంబరురా అన్నాడు.”

“మీటరు గొడవ నిజమేనా?”

“నిజమే. తిట్టుకున్నాం. తిట్టుకుంటే సంపేత్తారేటి? నా సెల్లెలి మొగుడు బాబూ ఆడు. ఆడి శవం నానే మోసినాను.”

అబద్ధమాడేవాడు మాట అయ్యాక ఎదుటివాడి మొహం చూస్తాడు, నమ్మాడా లేదా అని. వీడు చూడలేదు. నేల చూశాడు. నాకు అది చాలనిపించింది. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అది.

పన్నెండింటికి మల్కాపురంలో గ్యాంగు షెడ్డుకి చేరాం. పోర్టు గేటు బయట రేకుల గది, ఒకటే తలుపు. లోపల రెండు బల్లలు, తాళ్ళు, ఇనప పెట్టె. దుర్గ మాతోపాటే జీపులో వచ్చి, తలుపు దగ్గర బల్ల చివర కూచుంది. షెడ్డులో కాపున్న అశోక్ పెట్టె తాళం తీశాడు. ముప్ఫై దాటినవాడు, సన్నగా ఉన్నాడు, నోరు మాత్రం సన్నం కాదు.

“మూడుసార్లే దిగావటగా,” అన్నాడు ఉదయ్‌కుమార్.

“మా ఆవిడ మొక్కులు సార్.”

“మొక్కులా, మేస్త్రీతో వాటాలా?”

“వాటా ఏటుంది సార్ ఇందల? దిగకపోతే బతుకుతాం, దిగితే ఏమో.”

పెట్టెలో రెండు పాచికలు. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. పక్కన అరిగిపోయిన పేక కట్ట, అట్ట ఊడిన రిజిస్టరు. ముందు రిజిస్టర్లో ఏ నంబరు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టుకున్నాను.

పక్క టీ కొట్టు నుంచి గ్లాసుడు నీళ్ళు తెప్పించాను. ఎర్ర పాచికని నీళ్ళలో వదిలాను. మునిగింది. తీసి మళ్ళీ వదిలాను. సీసం పోసిన పాచిక నీళ్ళలో తిరిగి, బరువు వైపు కిందికి పెట్టుకుని దిగుతుంది. ఎన్నిసార్లు వదిలినా పైకి అదే ముఖం చూపిస్తుంది. ఇది ఇరవైసార్లకి ఆరు ముఖాలూ చూపించింది. తెల్లదీ అంతే.

“పాచికలు శుభ్రంగా ఉన్నాయి సార్.”

“అయితే వేసేవాడి చేతిలో ఉంది మోసం,” అన్నాడు ఉదయ్‌కుమార్. “పదకొండులో ఒకటి రావలసింది పంతొమ్మిదిసార్లు ఊరికే రాదు.”

“పదకొండులో ఒకటని ఎవరు చెప్పారు?”

“పదకొండు నంబర్లు. పదకొండు మంది. ఇది చెప్పడానికి ఎవరైనా కావాలా? ఏడో క్లాసులో ఇది రాదులే నీకు.”

“ఏడో క్లాసులో మానేశాను సార్, ఏడు మాత్రం మానలేదు. ఎర్ర పాచిక మీద ఎన్ని రకాలు పడొచ్చు?”

“ఆరు.”

“ఎర్రది ఏది పడినా, తెల్లది?”

“అదీ ఆరే.”

“అంటే రెండూ కలిపి ఆరు ఆర్లు ముప్ఫై ఆరు రకాలు. అన్నిటికీ సమాన అవకాశం. ఇప్పుడు అశోక్ నంబరు, రెండు. అది పడాలంటే ఎన్ని దారులు?”

అశోకే అన్నాడు. “ఒకటీ ఒకటీ. ఒక్కటే దారి.”

“ముప్ఫై ఆరులో ఒకటి. ఇప్పుడు ఏడు.”

నేను పాచికలు తిప్పి పెడుతూ పోయాను. ఎర్రది ఒకటి, తెల్లది ఆరు. ఎర్రది రెండు, తెల్లది అయిదు. మూడు, నాలుగు.

“మూడు దారులు,” అన్నాడు ఉదయ్‌కుమార్. “నాలుగు మూడు, మూడు నాలుగు రెండూ ఒకటే.”

“మీ కళ్ళకి ఒకటే. పాచికలకి కాదు. ఎర్రది మూడు పడటం వేరు, తెల్లది మూడు పడటం వేరు. రంగులు చూడండి.” మిగతా మూడూ పెట్టాను. “ఆరు దారులు. ముప్ఫై ఆరులో ఆరు. అశోక్ ఒకసారి దిగేలోపు ఎల్లాజీ ఆరుసార్లు దిగాలి. ఎవరూ మోసం చెయ్యక్కర్లేదు.”

వాడు జేబులోంచి పెన్ను తీశాడు. అరచేతి మీద ఏదో వేసుకున్నాడు.

“నేను చెబుతాను సార్. నూట ఎనిమిదిలో ముప్ఫై ఆర్లు మూడు. దారికి మూడుసార్లు లెక్క. రెండుకి మూడు రావాలి, రిజిస్టర్లో మూడే ఉంది. పన్నెండుకి మూడు, రెండు వచ్చింది. ఆరుకి అయిదు దారులు, పదిహేను రావాలి, పదహారుంది. ఎనిమిదికి పదిహేను, పద్నాలుగుంది. ఏడుకి పద్ధెనిమిది రావాలి. పంతొమ్మిది. ఇంత నిజాయితీగా పడిన పాచికల్ని నేను క్లబ్బులో కూడా చూడలేదు.”

ఉదయ్‌కుమార్ రిజిస్టరు లాక్కుని నంబర్ల గడి మీద పెన్నుతో గీతలు పెడుతూ రెండుసార్లు లెక్కపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అశోక్ బల్ల మీద కూలబడ్డాడు. “అంటే ఏటన్నా, ఎల్లాజీ బావ నాకు ఆరు రెట్లు దిగినాడా?”

“అవును.”

“నాలుగు నెలలు? మేవందరం సమానవే అనుకుని?”

“అవును.”

“ఆ రెండు పాసికల మాట నానే సెప్పినాన్రా బాబూ,” అని వాడు చేతులు చూసుకున్నాడు. అది నటన కాదు. ఆ సంగతి ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను.

ఒంటిగంటా ఐదుకి ఉదయ్‌కుమార్ స్టేషనుకి ఫోన్ చేశాడు. అరెస్టు కాగితం ఇంకా రాయలేదు కాబట్టి చింపే పని కూడా లేకపోయింది. సన్యాసిరాజుని పంపేయమన్నాడు. కేసు ప్రమాదం కింద రాయమన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

“సంబరపడకు. మీటరు సంగతి వేరే రాస్తాను.”

“రాయండి. ఏడాదిగా అందరూ రాద్దామనే అనుకున్నారు.”

జీపు వెళ్ళిపోయింది. నేను దుర్గ దగ్గరికి వెళ్ళాను. ఆమె అప్పటికే విన్నది. అయినా నా నోటితో వినాలని చూసింది.

“పాచికల్లో మోసం లేదమ్మా. మీ అన్న చెయ్యి లేదు.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగసిపడేలా ఏడ్చింది. నాలుగు రోజుల్లో మొదటిసారి మొగుడి కోసం మాత్రమే ఏడ్చింది. అంతవరకూ సగం ఏడుపు అన్న గురించి. నేను టీ తెప్పించాను. నాకు గర్వంగా ఉందని ఒప్పుకోవాలి. ఇంజనీరుని ఏడో క్లాసు ఓడించింది.

టీ సగం తాగాక ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. గుండె తేలికపడినవాళ్ళు మాట్లాడినట్టు, ఎవరూ అడగకుండానే.

“నాకు తెలుసు బాబూ. మా అన్న ఎంత జాగర్త మడిసనుకున్నావ్. తుక్కు సిప్పు వచ్చిందంటే మూత తీసి, గంట ఆగి, లోపలికి గాలి దిగాక గానీ మడిసిని దింపడు. పుస్తకంలో కూడా రాత్తాడు, మూత ఎప్పుడు తీసినాడో, మడిసి ఎప్పుడు దిగినాడో. మా ఆయన ఇంటికొచ్చి తిట్టీవోడు, మీ అన్నకి అన్నీ సాదస్తాలే, ఊరికే గంట కూకోబెడతాడని.”

నా చేతిలో గ్లాసు ఆగింది.

“గంట ఆగుతాడా?”

“ఎప్పుడూ. అడుగు ఈ అశోక్‌ని.”

అశోక్ తాడు చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

“అశోక్, ఎల్లాజీ పోయిన రోజు గంట ఆగారా?”

“ఆ రోజు... ఓడ బెర్తు కాళీ సెయ్యమని తొందరెట్టినారన్నా.”

“ఎవరు?”

వాడు తాడు చుడుతూనే ఉన్నాడు.

నేను రిజిస్టరు తెరిచాను. ఇందాకట్నుంచీ ఆ పుస్తకాన్ని ఇద్దరం తినేశాం, ఉదయ్‌కుమారూ నేనూ. ఇద్దరం చూసింది ఒకే గడి, పాచికల గడి. పక్కనే ఇంకో మూడు గడులున్నాయి. సరుకు పేరు, మూత తీసిన టైము, మనిషి దిగిన టైము. ఒక నంబరు ఎన్నిసార్లు పడిందో అని కొట్టుకున్నాం. అది పడిన తర్వాత ఏం జరిగిందో చూడలేదు.

ఒంటిగంటా ఇరవై రెండు. వేలు పెట్టి సరుకు గడి మీదుగా కిందికి దిగాను. నాలుగు నెలల్లో తుక్కు ఓడల షిఫ్టులు పన్నెండు.

మొదటిది. పాచిక ఎనిమిది. మూత తీసింది ఒకటీ యాభై, మనిషి దిగింది రెండూ యాభై రెండు. రెండోది. పాచిక ఆరు. అరవై అయిదు నిమిషాలు. మూడోది. పాచిక తొమ్మిది. యాభై ఎనిమిది నిమిషాలు. నాలుగోది. పాచిక ఆరు. గంట.

అయిదోది. పాచిక ఏడు. మూత తీసింది ఒకటీ నలభై అయిదు. దిగింది ఒకటీ యాభై అయిదు. పది నిమిషాలు. పక్కన సన్యాసిరాజు చేతిరాత, ‘ఎల్లాజీకి కళ్లు తిరిగినవి. పైకి లాగితిమి.’

ఆ తరవాత ఆరు షిఫ్టులు. నాలుగు, పది, ఎనిమిది, అయిదు, ఆరు, మూడు. ఆరింటికీ గంటకి అటూ ఇటూ.

పన్నెండోది, నాలుగు రోజుల కిందటిది. పాచిక ఏడు. మూత ఒకటీ యాభై రెండు. దిగింది రెండు. ఎనిమిది నిమిషాలు.

పన్నెండు షిఫ్టుల్లో ఏడు పడింది రెండుసార్లు. గంట ఆగనిది రెండుసార్లు. ఆ రెండూ ఈ రెండే.

సన్యాసిరాజు పాచికల్ని ముట్టలేదు. ముట్టాల్సిన అవసరం లేదు. ఏ నంబరైనా కాచుకుని కూచుంటే పడుతుంది. ఏడైతే ఇంకా త్వరగా పడుతుంది. అది పడనన్నాళ్ళూ వాడంత జాగ్రత్త మేస్త్రీ లేడు. పడిన రోజు వాడు చేసిందేమీ లేదు. గంట ఆగలేదు, అంతే.

“ఏటైంది బాబూ?” అంది దుర్గ.

పేక కట్ట తీసి, తుక్కు షిఫ్టుకొకటి చొప్పున, బల్ల మీద పన్నెండు ముక్కలు బోర్లా పేర్చాను. అందులో రెండు ఏడులు కలిపాను. చేతికి వచ్చిన పని చెయ్యకపోతే నాకు ఊపిరి ఆడేలా లేదు.

“అశోక్, ఇలా రా. రెండు ముక్కలు తియ్యి.”

వాడు వచ్చాడు. తీశాడు. అయిదు, రాణి.

“కలుపు. మళ్ళీ తియ్యి.”

ఏడు, తొమ్మిది.

“మళ్ళీ.”

“ఎందుకన్నా ఇది?”

“రెండూ ఏడులే రావాలంటే, మొదటి ముక్కకి పన్నెండులో రెండు అవకాశాలు. అది వచ్చాక రెండోదానికి పదకొండులో ఒకటి. కలిపితే అరవై ఆరుసార్లకి ఒకసారి. ఇందాక నేను మీ మేస్త్రీని విడిపించానే, అది పాచికలు ఎలా పడాలో అలాగే పడ్డాయని. ఇది అలా పడింది కాదు. మీ మేస్త్రీ గంట ఆగని రెండు రోజులూ ఏరి తీసినట్టు ఏడు మీదే ఉన్నాయి.”

దుర్గకి లెక్కలు రావు. కానీ ఆమె నా మొహం చూస్తోంది, ముక్కల్ని కాదు.

“ఆ కళ్ళు తిరిగిన రోజు,” అంది మెల్లగా, “మా అన్నే ఆటోలో ఇంటికి తెచ్చినాడు. వాంతులు సేసుకుంటంటే పక్కనే కూకుని మొకం తుడిసినాడు. సోడా తెచ్చి పట్టినాడు. బావా, ఇంకెప్పుడూ ఇలగ జరగనివ్వనన్నాడు.”



ఒకటీ నలభై ఒకటికి బయట ఆటో ఆగింది. రెండింటి షిఫ్టు మనుషులు అప్పటికే ఒకరొకరుగా వచ్చి తలుపు దగ్గర చేరుతున్నారు. సన్యాసిరాజు దిగితే వాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఒకడు భుజం తట్టాడు. వాడు నేరుగా చెల్లెలి దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి పెట్టాడు.

“పద సెల్లీ, ఇంటికి పోదాం. అయిపోనాది.”

ఆమె లేవలేదు. “అన్నా, తుక్కు సిప్పుకి గంట ఆగుతావు గదా.”

“ఇప్పుడెందుకే ఆ మాటలు.”

“ఆ రెండు రోజులూ ఎందుకాగలేదు?”

వాడి చూపు బల్ల మీదికి వచ్చింది. తెరిచిన పుస్తకం, పన్నెండు ముక్కలు, వాటి పక్కన నా చెయ్యి. పొద్దున లాకప్పులో నేల చూసినట్టే చూశాడు. అప్పుడర్థమైంది నాకు. వాడు అబద్ధం చెప్పలేదు. నేను అడగాల్సింది అడగలేదు.

“పని తొందరొచ్చింది.”

“రెండు రోజులూ ఏడే పడ్డాది.”

“పడితే? ఆడి నంబరు పడ్డాది, ఆడు దిగినాడు. నాను తొయ్యలేదు.” గొంతు పెంచలేదు వాడు. “కాయితం ఎట్టొద్దురా బావా అని కాళ్ళట్టుకున్నాను. మీటరు లేదని తెలిస్తే గ్యాంగుని తీసేత్తారు, ఇందరి పొయ్యిలు ఆరిపోతాయన్నాను. ఇన్నాడు కాదు.”

“అందుకని సంపేత్తావా?”

“నానొక్కణ్నే అడుగుతున్నావేటే?” వాడు తలుపు వైపు తిరిగాడు. “మొదటిసారి ఆడు పడిపోనాక, ఆరు తుక్కు షిఫ్టులు సేసినాం. ఆరింటికీ గంట కూకోబెట్టినాను. మొన్న ఏడు పడగానే దింపీసినాను. ఒరే, మీలో ఒక్కడైనా అడిగినార్రా, మేస్త్రీ, ఇయ్యాల ఎందుకాగలేదని?”

తలుపు దగ్గర పదిమంది. అశోక్ కూడా ఎప్పుడు వెళ్ళాడో వాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. ఒకడు కాళ్ళు చూసుకున్నాడు. ఒకడు బీడీ ఆర్పాడు. ఇంకొకడు గోడ మీద ఏదో చదువుతున్నట్టు తల తిప్పాడు. అక్కడ ఏమీ రాసి లేదు.

దుర్గ ఒక్కొక్కరినీ చూసింది. వీళ్ళంతా ఆమె చేతి కూడు తిన్నవాళ్ళు. శవం లేచినప్పుడు గుమ్మంలో నిలబడి ఏడ్చినవాళ్ళు.

“నీకూ తెలుసా అశోకూ?”

“తెలుసని కాదక్కా.” వాడి పెదాలు తెల్లగా ఉన్నాయి. “మా నంబరు పడలేదు గదా అనుకున్నాం.”

ఆమె ఒక అన్న సంగతి తేల్చమంది నన్ను. పదకొండు మంది తేలారు.

దుర్గ లేచింది. బల్ల మీంచి రిజిస్టరు తీసుకుని, కొంగు కప్పి, రెండు చేతులతో గుండెకి అదుముకుంది. తలుపు వైపు నడిచింది. నేను ఫోను తీసి ఉదయ్‌కుమార్ నంబరు నొక్కాను. మోగుతోంది.

“పుస్తకం అక్కడ ఎట్టీ సెల్లీ,” అన్నాడు సన్యాసిరాజు వెనకనించి, అదే మెత్తటి గొంతుతో. “అది గ్యాంగుది.”

ఆమె ఆగలేదు. గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది, దారివ్వమన్నట్టు.

పదిమందిలో ఒక్కడూ పక్కకి జరగలేదు.